షంషీర్ గడ్డం ఎందుకు గీసుకునేవాడు

మౌలాలి గుట్ట కింద పుట్టిన షంషీర్ సికింద్రాబాద్‌లో మా ఫైర్ స్టేషన్‌లో ఏడేళ్ళు పనిచేశాడు. నేను పేతురును, అతను లోపలికి దిగితే పైన తాడు పట్టుకునేవాణ్ణి. అతని గురించి నేను చెప్పడం సిగ్గుమాలిన పనే. కానీ తెలిసినవాళ్ళెవరూ మిగల్లేదు, ఏం చేయమంటారు?

యుద్ధం అయిపోయాక కంటోన్మెంటు పటాలం తన పాత సామానులో ఒక గాలిపెట్టెను మాకు పడేసింది. నడుముకు ఆక్సిజన్ సీసా, ఛాతీ మీద రబ్బరు సంచి, పక్కన సున్నం నింపిన డబ్బా, ముఖానికి అద్దాలున్న రబ్బరు తొడుగు. విడిచిన గాలి సున్నంలోంచి పోతుంది. అందులోని చెడునంతా సున్నం పీల్చేస్తుంది. సీసాలోంచి కాస్త ఆక్సిజన్ కలిసి అదే గాలి మళ్ళీ ముక్కుకు చేరుతుంది. బయటి గాలితో పనే లేదు, అరగంట బతుకు మనిషి ఒంటిమీదే ఉంటుంది. మా దగ్గర మిలిటరీ గ్యాస్ మాస్కులు కూడా ఉండేవి. వాటికి బొగ్గు డబ్బా తప్ప ఏమీ లేదు, బయటి గాలినే వడగట్టి ఇస్తాయి. బయట పీల్చే గాలే లేనిచోట అవి దేనికీ పనికిరావు. ఈ తేడా చెప్పి చెప్పి షంషీర్ నా బుర్ర తినేవాడు.

ఇంకొకటి కూడా చెప్పేవాడు. తొడుగు ముఖానికి గట్టిగా అతుక్కోవాలి. నాలుగు రోజుల గడ్డం ఉన్నా చాలు, వెంట్రుకల సందుల్లోంచి బయటి విషం లోపలికి పాకుతుంది. అందుకని రోజూ పొద్దున గడ్డం గీసుకునేవాడు. అతని గల్లీలో రజాకార్లు ఊరుకుంటారా? గడ్డం లేని నువ్వేం ముసల్మానువని ఒకసారి చెంప పగలగొట్టారు. భార్య నజ్మున్నీసా ఏడ్చి మొత్తుకుంది. అయినా మర్నాడు గీసుకునే డ్యూటీకి వచ్చాడు.

ఆ పెట్టె కట్టుకోవడం వచ్చినవాళ్ళం ముగ్గురమే. మా పాత ఆఫీసరు, షంషీర్, నేను. అవును, నేను కూడా. ప్రతి శనివారం పొగ నింపిన గదిలోకి నన్ను తోసి, సీసా ఎలా తిప్పాలో, గాలి ఎంత మిగిలిందో ఎలా చూడాలో షంషీరే నేర్పాడు. మొదటిసారి భయపడి తొడుగు పీకేసి బయటికి పరిగెత్తాను. ఆ సంగతి ఆఫీసరుకు చెప్పకుండా తనలోనే దాచుకున్నాడు. తర్వాత నేర్చుకున్నాను. అతని లాగే నేనూ రోజూ గడ్డం గీసుకునేవాణ్ణి.

నలభై ఎనిమిది సెప్టెంబరులో ఇండియన్ సైన్యం మా ఊళ్ళోకి వచ్చింది. మూడో రోజు పొద్దున షంషీర్ ఖాకీ బట్టలతో డ్యూటీకి నడిచి వస్తుంటే పోలీసులు ఆపారు. రజాకార్లదీ ఖాకీయే. పైగా పేరు షంషీర్, గడ్డం అప్పుడే గీసిన గుర్తు, దవడ మీద చిన్న గాటు. ఆ రోజుల్లో భయంతో గడ్డాలు తీసేసుకున్నవాళ్ళు చాలామంది. ఇతనూ వేషం మార్చిన రజాకారేనని లాకప్‌లో వేశారు. నజ్మున్నీసా రోజూ మా ఫైర్ స్టేషన్ గేటు దగ్గరికి వచ్చి, ఎవరైనా వచ్చి పోలీసులకు ఒక్క మాట చెప్పండని నిలబడేది. పాత ఆఫీసరు అప్పటికే ఊరు విడిచి పోయాడు, కొత్తాయనా మిగతా సిబ్బందీ ఈమధ్యే వచ్చినవాళ్ళు, వాళ్ళకు షంషీర్ సంగతి తెలియదు. చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. రేపు వెళ్తానమ్మా అన్నాను. పది రోజులు అదే మాట అన్నాను.

పదకొండో రోజు రెజిమెంటల్ బజార్ నుంచి కబురొచ్చింది. భయపడి కత్తులూ తుపాకులూ బావుల్లో పడేసినవాళ్ళు ఎక్కువయ్యారని, పోలీసులు పాత బావులన్నీ గాలిస్తున్నారు. ఒక కొట్టు వెనక ఏళ్ళుగా మూసి ఉన్న బావిలోకి పర్వతాలు అనే కూలివాణ్ణి దించారు. దిగినవాడు పలకడం లేదు. మేం వెళ్ళి లాంతరు దించితే సగం దారిలోనే ఆరిపోయింది, అంటే కింద పీల్చే గాలి లేదు.

కొత్త ఆఫీసరు గాలిపెట్టె చూపించి, ఇది కట్టుకోవడం ఎవరికి వచ్చని అడిగాడు. బావి గట్టు మీదినుంచి కిందికి చూశాను. నల్లగా ఉంది, అడుగు కనబడలేదు. గట్టు నుంచి రెండడుగులు వెనక్కి వేశాను.

"షంషీర్‌కు ఒక్కనికే వస్తది సార్. వాడు లాకప్‌ల ఉన్నడు," అన్నాను.

పక్కనున్న సబ్ ఇన్స్‌పెక్టరు జీపు పంపాడు. ఆయన మద్రాసు వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు. జీపు వచ్చేదాకా మా ఫైర్‌మ్యాన్ వీరయ్య ఆగలేదు. కింద మనిషి చస్తుంటే చూస్తూ నిలబడతామా అని గ్యాస్ మాస్కు తగిలించుకున్నాడు. అది పనికిరాదని నాకు తెలుసు. వద్దంటే, నీకెలా తెలుసని అడుగుతారు. నోరు మూసుకుని అతని నడుముకు తాడు కట్టాను. అడుగుకు చేరి, ఆ తాడు విప్పి పర్వతాలుకు కడతానని కిందినుంచి అరిచాడు. ఇంతలో అలికిడి ఆగిపోయింది. తాడు లాగితే ఖాళీగా వచ్చింది.

గంట తర్వాత షంషీర్‌ను తెచ్చి చేతుల కట్లు విప్పారు. ముఖం వాచి ఉంది, పది రోజుల గడ్డం పెరిగింది. బావిలోకి ఒకసారి చూసి, కత్తి కావాలన్నాడు. ఖైదీ కత్తి అడిగేసరికి సబ్ ఇన్స్‌పెక్టరు తుపాకి మీద చెయ్యి వేశాడు.

"గడ్డం గీసుకునే కత్తి సార్. ఎంటికలుంటే రబ్బరు మొకానికి అంటదు. నేను సుత వాళ్ళ పక్కనే పండుకుంట," అన్నాడు షంషీర్. "మూడేండ్లసంది ఇందుకే గీస్తున్న. పేతురును అడుగుండ్రి, ఆయనకు తెలుసు."

ముందు పని కానివ్వమన్నాడు సబ్ ఇన్స్‌పెక్టరు. బజారు మంగలి నీళ్ళు కూడా లేకుండా బరబరా గీశాడు, రెండు చోట్ల తెగింది. తొడుగు పెట్టుకుని, గొట్టం నులిమి గాలి పీల్చి చూసుకున్నాడు. తొడుగు ముఖానికి అతుక్కుంది. తాడు నా చేతికే ఇచ్చాడు. నా మీద నమ్మకం మరి!

ఇరవై నిమిషాల్లో ఇద్దరినీ పైకి పంపాడు, ఇద్దరూ ఎప్పుడో పోయారు. రెండోది వీరయ్య శవం. అప్పటికే అతని భార్య అనసూయమ్మ వచ్చి గట్టు పక్కన కూలబడి ఉంది. షంషీర్ మాత్రం మేం దించిన నిచ్చెన సొంత కాళ్ళ మీద ఎక్కి, ఆ విషంలోంచి పైకొచ్చి తొడుగు తీశాడు. రొప్పడం లేదు, చెమటే కారుతోంది. సబ్ ఇన్స్‌పెక్టరు అతన్ని కాసేపు చూసి నా వైపు తిరిగాడు. మనిషి మంచివాడే, నిజం తెలిస్తే ఆ పూటే వదిలేసేవాడు.

"ఏమయ్యా, ఇతను చెప్పింది నిజమేనా? ఈ పెట్టె కోసమే రోజూ గీసుకుంటాడా? నువ్వూ నున్నగానే ఉన్నావే."

అవునని ఒక్క మాట చాలు. కానీ దాని వెనకే రెండో ప్రశ్న వస్తుంది. నీకూ వచ్చుగా, నువ్వెందుకు దిగలేదు, వీరయ్యను ఆ బొగ్గు మాస్కుతో ఎందుకు దించావు? అనసూయమ్మ తలెత్తి నన్నే చూస్తోంది.

"నాకా పెట్టె సంగతి తెల్వదు సార్. నేను చిన్నప్పటిసంది గిట్లనే గీసుకుంట," అన్నాను.

"జెర యాదికి తెచ్చుకో పేతురూ," అన్నాడు షంషీర్ మెల్లగా.

"నాకు యాదికి లేదు."

నాకు నేర్పింది తనేనని అతను అరవలేదు. అరిచినా ఖైదీ మాట ఎవరు వింటారు? చేతులు వెనక్కి పెట్టుకుని తనే కట్టించుకున్నాడు. జీపు ఎక్కుతూ, సున్నం తడిసింది, మార్చమని నాకు చెప్పాడు. రెండేళ్ళ శిక్ష పడింది. మొదటి చలికాలమే జైల్లో జ్వరం వచ్చి పోయాడని నజ్మున్నీసా స్టేషన్‌కు వచ్చి చెప్పింది. చెప్పి, నాకు సలాం పెట్టి మరీ వెళ్ళింది. నా బతుకు చెడ, ఆ సలాం కూడా తీసుకున్నాను.

ఆ రోజు వీరయ్యను ఇంటికి మోసింది నేనే. అరుగు మీద దించి, తల దించుకుని ఏడుస్తూ కూర్చున్నాను. అంత దుఃఖంలో అనసూయమ్మ లేచి వచ్చి, నాకు చెంబుతో నీళ్ళిచ్చింది.

"నువ్వెందుకు ఏడుస్తవే అన్నా," అంది. "నీకు ఆ పెట్టె కట్టుకునుడు వచ్చుంటే నువ్వే దిగుదువు గదా."

"దిగుదునమ్మా," అన్నాను.