మావయ్యగారి పెరట్లో తవ్విన పింగాణీ గిన్నె

అత్తవారి పరువును సొంత చేతులతో తవ్వి తీసి, కడిగి, తుడిచి, నలుగురి ముందు వేలానికి పెట్టిన అల్లుణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇటు చూడండి, నేనే. నవ్వుకోండి, ఫరవాలేదు. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అప్పుడు మాకు కొత్తగా పెళ్ళయింది. వట్లూరులో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. మిగిలిన టైమంతా ఫోన్లో వీడియోలు చూసేవాణ్ణి. ఎక్కడో పరాయి దేశాల్లో మనుషులు పాత ఇళ్ళ వెనక చెత్తగోతులు తవ్వుతారు. తాతలనాటి సీసాలూ, పింగాణీ సామానూ బయటికి తీసి ముద్దులు పెట్టుకుంటారు. చూసి చూసి నాకూ చేతులు దురద పెట్టాయి. కానీ తవ్వడానికి గొయ్యి ఉండాలిగా? వట్లూరులో మేముండేది మూడో అంతస్తు.

అత్తవారిది అత్తిలి. మావయ్యగారు వరి రైతు, అక్కడి చర్చిలో సంఘ పెద్ద. గొంతు పెంచి ఎరగని మనిషి. కాకపోతే, "మా అల్లుడుగారు బాగా చదువుకున్నారండీ, పార ఎటు పట్టుకోవాలో తెలీదు పాపం" అని ఊరందరికీ ఎంతో మర్యాదగా చెబుతూ ఉండేవారు. ఆ 'పాపం' దగ్గరే నాకు కాలేది. ఆయన చేత శెభాష్ అనిపించుకుని తీరాలని పంతం పట్టాను.

కోతపండుగకి అత్తిలి వెళ్ళాం. కోతలయ్యాక ఎవరికి కలిగినది వాళ్ళు చర్చికి తెచ్చి పెడతారు. బియ్యం, గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్ళు. ఆరాధన అవగానే అక్కడే వాటిని వేలం వేస్తారు. పాడుకున్నవాళ్ళకి అదొక గౌరవం.

ముందురోజు అందరూ చర్చి అలంకరించడానికి వెళ్ళారు. నేను గునపం పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. అరటిచెట్ల వెనక ఎప్పుడో పూడ్చేసిన పెంటగొయ్యి ఉంది. పెంకులొచ్చాయి, తెగిన చెప్పొచ్చింది, నా అరచేతుల్లో బొబ్బలొచ్చాయి. చివరికి వచ్చిందండీ అసలైనది! తెల్లటి పింగాణీ గిన్నె, చుట్టూ నీలం పువ్వులు, పక్కన ఒక పిడి. అంచు మీద పెచ్చు కూడా ఊడలేదు. చింతపండు పెట్టి తోమితే తళతళలాడిపోయింది.

అప్పుడే మా ఆవిడ కరుణ వచ్చింది. "గోతిలో దొరికిందాండీ? నాన్నకి చూపించారా?"

"రేపు చర్చిలోనే చూస్తారు. సర్‌ప్రైజ్!"

"ఇంత మంచి గిన్నె ఎందుకు పారేశారంటారు?"

ఆ ప్రశ్న దగ్గర ఒక్క క్షణం ఆగి ఉంటే ఈ కథే లేదు. "పాతకాలం వాళ్ళకి విలువ తెలీదు" అనేశాను.

మర్నాడు చర్చిలో వేలానికి ముందే పొరుగింటి జేకబ్ మాస్టారి చెవిలో ఊదాను. "ఇంగ్లీషు రాణీగారి కాలం నాటి సరుకండీ మాస్టారూ, ఇలాంటిది మళ్ళీ దొరకదు." వేలం మొదలైంది. పాస్టరుగారు గిన్నెను రెండు చేతులా పైకెత్తి, "సంఘ పెద్దగారి అల్లుడుగారు ప్రేమతో సమర్పించిన కానుక!" అన్నారు. నేను గర్వంగా మావయ్యగారి వైపు చూశాను. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎక్కడిదండీ ఇది?" అన్నారు నా చెవిలో.

"మన గోతిలోదేనండీ. పురాతనం!"

"పురాతనమేనండీ. మా నాన్నగారు మంచాన పడ్డప్పుడు ఒంటేలుకి పెట్టిన గిన్నె. రోజూ పొద్దున్నే పారబోసింది నేనే. ఆయన పోయాక పక్కబట్టలతో పాటు దీన్నీ గోతిలో వేశాం."

దేవుడి బల్ల మీద పెట్టిన కానుక! సంఘ పెద్దగారి ఇంటి నుంచి! చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే ఎవరింటికో పోతుంది. మావయ్యగారు లేచి గిన్నె కోసం గట్టిగా వేలంపాట మొదలుపెట్టారు. ఆయనంత పట్టుగా పాడుతున్నారంటే ఏదో ఉందనుకుని జేకబ్ మాస్టారు పైకి పాడారు. మావయ్యగారు ఇంకా పైకి. సాయం చేద్దామని నేనూ లేచి పాడాను, మావయ్యగారి మీదే.

"కూర్చోండి అల్లుడుగారూ, మీకు దణ్ణం పెడతాను" అన్నారాయన.

ఆయన జేబులో ఉన్నదీ, అత్తయ్యగారి కొంగుముడిలో ఉన్నదీ కలిపి పాడినా చాలలేదు. గిన్నె మాస్టారింటికి వెళ్ళిపోయింది. మావయ్యగారు నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

తర్వాత ఈస్టరుకి మాస్టారు మా అందరినీ భోజనానికి పిలిచారు. బిర్యానీ వచ్చింది. వెనకే నీలం పువ్వుల గిన్నె నిండా పెరుగుచట్నీ వచ్చింది.

"మీ గిన్నేనండీ అల్లుడుగారూ! మీ కోసమే ప్రత్యేకంగా తీయించాను. కొంచెం వెయ్యమంటారా?"

కరుణ చటుక్కున విస్తరికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్తయ్యగారికి ఉన్నట్టుండి పెరుగు పడకుండా పోయింది. నేను దిక్కులేనివాడిలా మావయ్యగారి వైపు చూశాను. ఆయన ఎప్పటిలాగే మెత్తగా నవ్వారు.

"కొంచెం ఏంటండీ మాస్టారూ, మా అల్లుడుగారికి పెరుగుచట్నీ అంటే ప్రాణం. నిండుగా వెయ్యండి. ఎంతో కష్టపడి తవ్వుకున్నారు పాపం."

తిన్నానండీ. విస్తట్లో మెతుకు మిగల్చకుండా తిన్నాను. అప్పటి నుంచి కుండీలో మొక్క నాటాలన్నా కరుణే నాటాలి. భూమి లోపల ఏముంటే అది అక్కడే సుఖంగా ఉండాలనీ, గునపం జోలికి ఈ జన్మలో పోననీ ఆ పెరుగుచట్నీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.