మామ చెప్పిన ఈజిప్టు కథ

మొన్న మనవడు ఫోనులో ఈజిప్టు మమ్మీ బొమ్మ చూపించాడు. గుడ్డ పీలికలు చుట్టిన ఆ ముఖం చూడగానే కార్వేటినగరంలోని మా ఇల్లు గుర్తొచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ల చుట్టూ చేరి కథలు వినడం నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. మా మేనమామ ఈజిప్టులో సిపాయిగా చేసి వచ్చాడు.

“ఆడ సచ్చినోళ్లకు మందు పూసి గుడ్డలు సుడతారు పాపా. ఎప్పుడో ఒకనాడు లేసొస్తారంట” అనేవాడు.

మామ తిరిగొచ్చిన ఎండాకాలమే అమ్మ వాంతిభేదితో పోయింది. ఇల్లంతా వేపాకు, సాంబ్రాణి వాసన. బయట పాడె కడుతుంటే నేను అమ్మ పాత చీర చించి ఆమె కాళ్లకు చుట్టసాగాను.

“అమ్మను ఎత్తుకపోవద్దు. గుడ్డలు సుడితే లేస్తాది, మామ సెప్పినాడు” అని ఏడ్చాను.

ఆడవాళ్లు నన్ను లాగబోతే మామ వారించి పక్కన కూర్చున్నాడు. అమ్మ ఆయనకు ఒక్కగానొక్క అక్క.

“అది వట్టి కత పాపా. నాతో కూడు తిన్నోళ్లను నా సేతుల్తోనే ఇసకలో పూడ్సినాను. ఒక్కడూ లేయలా.”

నేను చుట్టిన పీలికలను ఆయన విప్పలేదు. నా గుప్పిట్లో బియ్యం పోసి, అమ్మ నోట్లో వేయమన్నాడు. గింజలు ఆమె పెదాల మీద నుంచి చాప మీదికి జారిపోయాయి. అమ్మ ఇక లేవదని అప్పుడు నమ్మాను.