ఒక క్యూ, రెండు షాఫ్టులు

మావయ్యగారు ముప్పై ఏళ్లకు పైగా గూడ్సు బండ్లు నడిపి రాయపూర్‌లోనే రిటైరయ్యారు. మరుసటి ఏడాది ఆయనకు శుక్లాల ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు స్కూటరు నడపొద్దని డాక్టరు చెప్పారు. అసలు ఎప్పుడూ నడపొద్దని అత్తయ్య చెప్పారు. అందుకని సాయంత్రాలు మోవాలోని మా ఇంటి నుంచి తెలీబంధాలో ఉన్న బిలియర్డ్స్ హాలుకు ఆయన్ని నా స్కూటీ మీద తీసుకెళ్లే పని కోడలినైన నాకు పడింది. నేను బడిలో లెక్కలు చెబుతాను. నాలుగింటికల్లా ఖాళీ.

ఆ హాల్లో అయిదు బల్లలు స్నూకర్‌వి. ఆరోదాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. దానికి బంతి పడడానికి కన్నమే లేదు. ఆటకు మూడే బంతులు. మన బంతిని కొడితే అది మిగిలిన రెండింటినీ తాకాలి. తాకితే ఒక పాయింటు, మళ్లీ మన వంతే. దీన్ని కేరమ్ బిలియర్డ్స్ అంటారని యజమాని చెప్పాడు. మావయ్యగారికి ఆ బల్లే నచ్చింది.

"బంతి కన్నంలో పడి మాయమైపోతే అదేటి ఆటమ్మా? ఇక్కడైతే కళ్లెదురుగానే తిరుగుతాది" అనేవారు.

మొదట్లో నేను బెంచీ మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకునేదాన్ని. ఒకరోజు ఆయనకు జోడీ దొరకలేదు. "ఓ గంట నాకెదురు నిలబడమ్మా" అన్నారు. నిలబడ్డాను. పది రోజులు తిరక్కుండానే పేపర్లు ఇంట్లో వదిలేసి వెళ్లడం మొదలుపెట్టాను.

బంతిని కొట్టే కర్రను క్యూ అంటారు. హాల్లోని క్యూలన్నీ స్నూకర్ కోసం చేసినవి. ముందు భాగం బాగా సన్నం. మా బల్ల మీద బంతులేమో పెద్దవి, బరువైనవి. గట్టిగా కొడితే కర్ర వణికేది, బంతి తనకు తోచిన దారిన పోయేది. సొంత క్యూ ఉండాల్సిందేనని మావయ్యగారు తీర్మానించారు. యజమాని ముంబయి నుంచి తెప్పించాడు. వెనక పిడి ఒకటి, దానికి మరతో బిగించుకునే ముందుకర్రలు రెండు. వాటిని షాఫ్టులంటారు. ఒకటి సన్నగా, నున్నగా, అద్దంలా ఉంది. రెండోది మొదలు దగ్గర లావుగా ఉండి, కొసకు వచ్చేసరికి కూడా పెద్దగా తగ్గలేదు.

"దోనో మే సే ఏక్ చున్ లీజియే, అంకల్‌జీ" అన్నాడు యజమాని. రెండిట్లో ఒకటి ఎంచుకోమని.

మావయ్యగారు తొందరపడలేదు. రెండింటినీ బల్ల మీద దొర్లించారు. ఒక కన్ను మూసి, పట్టాలు చూసినట్టు ఈ కొస నుంచి ఆ కొసకు చూశారు. వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నారు. యజమాని నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను.

"సన్నదే" అన్నారు చివరికి. "వేళ్ల మధ్యన ఎలాగ జారుతోందో చూడు."

"ఈ బంతుల బరువుకు లావుదే ఆగుతుంది మావయ్యగారూ. సన్నది వంగిపోతుంది."

"నువ్వు లెక్కల టీచరువా, వడ్రంగివా?"

"పోనీ, కొట్టి చూద్దాం."

సన్నదానితో ఆయనకు రెండు పాయింట్లు వచ్చాయి. లావుదానితో నాకూ రెండే. ఏమీ తేలలేదు. రెండూ ఉంచుకున్నాం.

పిడి మాత్రం ఒకటే. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆయన వంతు అవగానే సన్నది విప్పి లావుది బిగించాలి. నేను తప్పగానే లావుది విప్పి సన్నది బిగించాలి. వంతుకు ఒక్క పాయింటు రావడమే గగనం కాబట్టి, ఆడినదానికంటే మర తిప్పినదే ఎక్కువ. పక్క బల్లవాళ్లు ఆట ఆపి మమ్మల్ని చూసేవారు.

"ఇంజన్ బదల్ రహే హై క్యా, అంకల్‌జీ?" అని ఒకాయన అడిగాడు.

మావయ్యగారు చిన్నబుచ్చుకోలేదు సరికదా, బండికి ఇంజను ఎలా మారుస్తారో అతనికి పావుగంట వివరించారు. ఆ పావుగంటా నేను షాఫ్టు పట్టుకుని నిలబడ్డాను.

రెండు నెలలు గడిచేసరికి నేను గెలవడం మొదలుపెట్టాను. ఆయన తప్పును ఫ్యాను మీద వేశారు, క్యూ కొసకు రాసే చాక్ మీద వేశారు, ఆపరేషనైన కంటి మీద వేశారు. ఆ కంటికి బంతులు మరీ స్పష్టంగా కనిపిస్తున్నాయట, అందుకే తప్పుతున్నాయట. గెలిస్తే నాకు సంతోషంగానే ఉండేది. కానీ ఇంటికి వచ్చేటప్పుడు వెనక సీటు మీద ఆయన మాట్లాడకుండా కూర్చుంటే ఆ సంతోషం మోవా దాకా మిగిలేది కాదు.

ఒక శనివారం వానకు హాలు ఖాళీగా ఉంది. నా షాట్ తప్పింది. లావుది విప్పబోతుంటే ఆయన చెయ్యి చాచారు.

"ఉండనీ అమ్మా. ఊరికే తిప్పితే మర అరిగిపోతాది."

"మీకు లావుది అలవాటు లేదు కదా."

"నేను మర గురించి చెప్తన్నాను."

ఇచ్చాను. మొదటిది తగిలింది. రెండోదీ తగిలింది. అంతవరకు మా ఇద్దరిలో ఎవరమూ వరుసగా నాలుగు దాటలేదు. అయిదు అయింది. ఆరు దాటాక యజమాని కౌంటరు వదిలి వచ్చి నిలబడ్డాడు. తొమ్మిదో షాట్‌లో బంతి రెండోదాన్ని తాకీ తాకనట్టు తాకింది. పదోది తప్పింది.

ఆయన బల్ల మీద ఉన్న సన్న షాఫ్టు తీసి నా చేతిలో పెట్టారు.

"నీ వేళ్లు సన్నం కదమ్మా. నీకిదే బాగుంటాది."

"మరి మర అరిగిపోదా?"

"నువ్వు మెల్లిగా తిప్పుతావు కదా, ఏటవదు."

ఆ రోజు దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నారు. తడిసి ఇల్లు చేరేసరికి అత్తయ్య తువ్వాలు పట్టుకుని గుమ్మంలో ఉన్నారు.

"వరసగా తొమ్మిది కొట్టాను" అన్నారు మావయ్యగారు.

"ఇన్నాళ్లూ కొట్టలేదేటి మరి?"

ఆయన తల తుడుచుకుంటూ తువ్వాలు లోపలినుంచే జవాబిచ్చారు.

"ఇన్నాళ్లూ కోడలు లావుది నాకివ్వలేదు."

అత్తయ్య నా వైపు తిరిగారు. "పెద్దాయన కదమ్మా, ఇచ్చేస్తే పోయేది" అన్నారు.

"ఇచ్చేశాను అత్తయ్యా" అని చెప్పి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లాను.