నన్ను వద్దన్న మాట మిలిటరీ రికార్డుకెక్కిన వైనం

ఏటా నవంబరులో నేను బతికే ఉన్నానని ప్రభుత్వానికి రుజువు చూపించుకోవాలి. మా ఆవిడకు ఆ రుజువు రోజూ చూపిస్తూనే ఉంటాను గానీ ఆమె సాక్ష్యం చెల్లదు. అందుకని ఇద్దరం కలిసి పెనుకొండ బస్టాండు దగ్గరున్న ఆన్‌లైన్ సెంటరుకు వెళ్లి, వేలిముద్రల మిషను మీద నా వేలు పెట్టి వస్తాం.

ఒక ఏడు అక్కడ కూర్చునే అమ్మాయి నా వేలు తుడిపించి, మళ్లీ తుడిపించి, చివరికి నేను బతికే ఉన్నానని ఒప్పుకుంది. పింఛను రికార్డులన్నీ కంప్యూటరులోకి ఎక్కించారట, ఒకసారి సరిచూసుకోమంటూ పైకి చదివింది. నా పేరు సరిగ్గానే ఉంది. నంబరు సరిగ్గానే ఉంది. పిల్లలిద్దరి పేర్లూ సరిగ్గానే ఉన్నాయి. భార్య పేరు దగ్గరికి వచ్చేసరికి ఆమె చదివింది మా ఆవిడ పేరు కాదు. మా మేనమామ కూతురి పేరు.

మా ఆవిడ పక్క కుర్చీలోనే ఉంది.

"ఇంగోసారి చదువు పాపా," అంది.

అమ్మాయి చదివింది. మళ్లీ మా మరదలే.

"ఫోటో ఎవురిది ఉండాది?"

"నీదే అవ్వా. నువ్వూ తాతా పక్కపక్కనే ఉండారు."

"మొగం నాది, పేరు ఆయమ్మది. బాగుండాది," అని మా ఆవిడ లేచింది. రోడ్డు మీదికి వచ్చాక ఆగి నా వైపు తిరిగింది. "ఏమయ్యా, ఇన్నేండ్లూ నేను ఎవురింట్లో వంట చేసినట్టు?"

నేను సైన్యంలో ఉన్నంత కాలం స్టోర్సులో దుప్పట్లు ఇచ్చి పుచ్చుకునే పని చేశాను. శత్రువును చూసింది తక్కువ, చలిని చూసింది ఎక్కువ. ఎదురుదాడి ఎలా చేయాలో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. కాబట్టి ఆమె వెనకే నడిచాను.

తప్పు ఎక్కడ పడిందో నాకు ఇంటికి చేరేలోపే గుర్తొచ్చింది. మా వైపు మేనమామకు కూతురుందంటే మగపిల్లవాడు ఇక పెళ్లికూతురిని వెతుక్కోనక్కర్లేదు. ఉయ్యాలలో ఉన్నప్పుడే "ఇదోరా నీ పెండ్లాం" అని చూపించేస్తారు. నన్నూ అలాగే పెంచారు. పెళ్లికని సెలవు అడిగినప్పుడు మా యూనిట్ గుమాస్తా, "అమ్మాయి పేరేంటి?" అన్నాడు. మా ఊరి పేరు ఎంత ధీమాగా చెబుతానో మా మరదలి పేరూ అంతే ధీమాగా చెప్పాను. ఆయన మంచివాడు, పని వాయిదా వేయని మనిషి. ఎలాగూ నెల పోయాక రాయాల్సిందే గదా అని సెలవు కాగితంతో పాటు పెళ్లి కాగితం కూడా అప్పుడే నింపేశాడు. ఆ విధంగా నేను రైలెక్కకముందే నాకు పెళ్లైపోయింది.

ఇంటికొచ్చి చూస్తే మా మరదలు వద్దంది. చాటున కాదు, అందరిలోనూ. "ఏడాదికొకసారి వచ్చే మొగుడు నాకేంటికి? దానికి ఉగాది పండగ ఉండాది గదా," అంది. మా మామ కూతురి వైపే నిలబడ్డాడు. మా అమ్మ తమ్ముడి గడప తొక్కనని ఒట్టు పెట్టుకుంది. కానీ సెలవు దొరకటమే కష్టం, దాన్ని వృథా చేయకూడదని అందరూ నాలుగు దిక్కులా పరుగెత్తారు. సెలవు తీరేలోపు ధర్మవరంలో మగ్గం వాళ్ల పిల్ల దొరికింది. "నన్ను చేసుకునింది ఈయన కాదు, ఈయన లీవు," అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

తిరిగి వెళ్లి పెళ్లైందని గుమాస్తాకు చెప్పాను. "అది ఎప్పుడో రాసేశాను, పో," అన్నాడు. సైన్యంలో పనులు ఎంత చురుగ్గా జరుగుతాయో అని మురిసిపోయాను. రిటైరయ్యే రోజు ఒక కట్ట కాగితాలు ముందు పెట్టారు. నా మనసు అప్పటికే ధర్మవరం రైల్లో కూర్చుంది. చేయి మాత్రం సంతకాలు పెట్టింది.

ఇప్పుడు చిక్కేమిటంటే, నేను పోయాక ఇంట్లో మిగిలేది ఒకరు, పింఛను వెళ్లేది ఇంకొకరికి. ఆ మాటే అంటే మా ఆవిడ, "దుడ్ల సంగతి అట్లుండనీ. సర్కారు లెక్కలో నేను ఎవురు? అది చెప్పు ముందు," అంది. ఆ రాత్రి అన్నం పెట్టేటప్పుడు కూడా, "ఆయమ్మకు చెప్పు వడ్డించమని," అంది గానీ వడ్డించింది.

మాజీ సైనికుల ఆఫీసులో ఒక రిటైర్డు సుబేదారు ఇలాంటి కాగితాలు చూస్తాడు. ఆయన నా కథ అంతా విని, "మొదటి భార్య చనిపోయిందా?" అన్నాడు.

"లేదు సార్. హిందూపురంలో బెల్లం మండీ వాళ్లింట్లో హాయిగా ఉంది."

"విడాకులు తీసుకున్నారా?"

"పెళ్లైతే గదా సార్."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "అంటే, రికార్డులో ఉన్నామెను చేసుకోలేదు. చేసుకున్నామె రికార్డులో లేదు."

"నాకన్నా మీరే బాగా చెప్పారు సార్."

"ఇద్దరు భార్యలని తేలితే ఉద్యోగం పోయేది, తెలుసా?"

"ఉద్యోగం ఎప్పుడో పోయింది సార్. పింఛనొక్కటే మిగిలింది."

ఆయన నవ్వి, రెండు కాగితాలు కావాలన్నాడు. మా పెళ్లి చూసినవాళ్ల సాక్ష్యం ఒకటి. రికార్డులో ఉన్న ఆమె, తనకు నాతో పెళ్లి జరగలేదని స్టాంపు కాగితం మీద సంతకం చేసినది రెండోది. ఆ రెండోది లేకుండా ఫైలు కదలదన్నాడు. నోటితో ఒకసారి వద్దన్న మనిషి దగ్గరికి వెళ్లి, ఈసారి నోటరీ ముందు వద్దనమని బతిమాలుకోవాలన్న మాట.

సులువైన పని ముందు పెట్టుకున్నాం. ధర్మవరంలో మా బావమరిది ఇంకా గుంట మగ్గం మీదే కూర్చుంటాడు. నేను దేశం అంచున కాపలా కాశాను, ఆయన చీర అంచు నేస్తాడు. ఎవరి అంచు చూడటానికి జనం దూరం నుంచి వస్తారో చెప్పక్కర్లేదు. మమ్మల్ని చూసి కూడా అంచులో నేస్తున్న పువ్వు పూర్తయ్యేదాకా గుంటలోంచి లేవలేదు.

"ఏం బావా, మా చెల్లిని నువ్వు ఇంగా పెండ్లి చేసుకోలేదంట గదా? అట్లయితే ఆ పొద్దు తిన్న బూందీ వాపసు ఇయ్యి," అన్నాడు.

"నీ చెల్లే వాపసు వస్తాది, చూసుకో," అన్నాను.

"అయ్యో, వద్దప్పా. యాడ పెట్టల్ల సంతకం?" అంటూ లేచాడు. పట్టు మీద సిరా పడుతుందని వీధి అరుగు మీద కూర్చుని సంతకం పెట్టాడు.

హిందూపురం వెళ్లేరోజు మా ఆవిడ పసుపు, కుంకుమ, రవికె గుడ్డ, అరటిపండ్లు సంచిలో సర్దింది. చెల్లెలింటికి వెళ్తున్నట్టే ఉంది ఆ సర్దటం. ఊరు దగ్గర పడ్డాక మాత్రం, "సంతకం పెట్టనంటే?" అంది మెల్లగా. నలభై ఏళ్లుగా ఆ ఇంటితో మాకు రాకపోకలు లేవు. ఫోను నంబరు కూడా మూడో మనిషిని అడిగి తీసుకున్నదే.

బస్సు దిగి కోర్టు దగ్గర టైపు చేసే సాయిబుతో కాగితం రాయించుకుని వాళ్లింటికి వెళ్లాం. మరదలి భర్తది మడకశిర వైపు. మాటకు ముందొక కన్నడం, వెనకొక తెలుగు. "బన్ని, బన్ని! రాండి లోపలికి," అని చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు. నేను సంగతి చెప్పేసరికి నవ్వి నవ్వి స్తంభం పట్టుకున్నాడు.

"అట్లయితే మనమిద్దరమూ తోడల్లుండ్లం గదప్పా! ఒకే మామకు ఇద్దరల్లుండ్లం. చిక్కల్లా కూతురే, ఒకటే ఉండాది."

మరదలు వంటింట్లోంచి బొరుగులతో చేసిన ఉగ్గాని, బజ్జీల ప్లేట్లు తెచ్చి మా ముందు పెట్టింది. ఆమె నవ్వలేదు. కళ్లద్దాలు పెట్టుకుని కాగితం పైకి చదివింది. సదరు వ్యక్తితో నాకు వివాహం జరగలేదు, అక్కడిదాకా బాగానే చదివింది. సదరు వ్యక్తికీ నాకూ గతంలో గానీ ప్రస్తుతం గానీ ఎటువంటి సంబంధమూ లేదు అన్న చోట ఆగింది. కాగితం మడిచి నా ప్లేటు పక్కన పెట్టింది.

"నేను పెట్టను."

మా ఆవిడ చేతిలో బజ్జీ చేతిలోనే ఉంది.

"మేనత్త కొడుకుతో ఏ సంబంధమూ లేదని ఎట్ల సంతకం పెడతా? మా నాయనకు అక్క లేదా?" అంది మరదలు. "పెండ్లి వద్దంటి గానీ బావను వద్దంటినా? రాకపోకలు మానుకునింది మీరు. అత్త పోతే ఒక మాట చెప్పి పంపలేదు. బస్సులో ఎవురో అనుకుంటాంటే తెలిసె నాకు. ఇప్పుడేమో ఏమీ కామని మీరే రాసుకొచ్చినారు."

నేను ప్లేటులోని బొరుగులను పరిశీలించటం మొదలుపెట్టాను. తప్పు మాదే, అందులో ఒక్క అక్షరం దిద్దటానికి లేదు. మా ఆవిడ బజ్జీ పక్కన పెట్టింది.

"నిజమే చెల్లీ. చెప్పి పంపల్సింది. పెద్దోళ్ల కోపం పెద్దోళ్లతో పోనీకుండా మేమూ మోస్తిమి. ఇప్పుడు వచ్చినాం గదా, ఎంత తిట్టల్లనో అంత తిట్టు. మాకు సాయంత్రం దాకా పని లేదు. తిట్టినాక సంతకం పెట్టు. ఆ రికార్డులో నువ్వుంటే నాకు చోటు ల్యాకుండా పోతాది."

మరదలు కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది. తర్వాత తిట్టింది. మా ఆవిడను ఒక్క మాట అనలేదు, మొత్తం నా వాటాకే వచ్చింది. మా అమ్మ చేతి చెనిక్కాయల చట్నీ తనకు దక్కకుండా చేశామన్న దగ్గర ఆమె తిట్టటం ఆపి, కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. మా ఆవిడ లేచి వెళ్లి పక్కన కూర్చుని, "ఆ చట్నీ నాకు నేర్పిచ్చె అత్త. నీకు నేను చేసిస్తా," అంది. అంతే, ఇద్దరూ వంటింట్లోకి వెళ్లిపోయారు. మేమిద్దరు అల్లుళ్లం ఉగ్గాని తింటూ బెల్లం ధరల గురించి మాట్లాడుకున్నాం.

బయటికి వచ్చి మరదలు షరతు పెట్టింది. తను చెప్పినట్టు రాయిస్తేనే సంతకం. నలుగురం మళ్లీ కోర్టు దగ్గరికి వెళ్లాం. ఆమె నిలబడి చెబుతుంటే సాయిబు టైపు చేశాడు. ఈయన నా మేనత్త కొడుకు, నాకు బావ అవుతాడు. మాకు పెండ్లి మాటలు జరిగినవి. నేను వద్దంటిని.

సాయిబు ఆగాడు. "అమ్మా, ఆ మాట అవసరం లేదు. వివాహం జరగలేదు అంటే చాలు."

"చాలదు. అది ఉండల్ల. లేకుంటే ఈయనే నన్ను వద్దన్యాడని అనుకుంటారు మిలిటరీవాళ్లు."

సాయిబు జాలిగా నా వైపు చూశాడు. "సార్, మీకేమన్నా అభ్యంతరమా?"

"అప్పుడు నన్నెవరూ అడగలేదు బాబూ. ఇప్పుడైనా అడిగావు, సంతోషం. కొట్టు," అన్నాను.

ఆ తర్వాతి వాక్యం మా ఆవిడ పేరుతో మొదలైంది. ఈయన పెండ్లి చేసుకునింది ఫలానా ఆమెను, ఆమె నాకు అక్క అవుతుంది అని రాయించి, మరదలు నోటరీ ముందు పెద్ద పెద్ద అక్షరాలతో సంతకం పెట్టింది. పక్కన ఆమె భర్త సాక్షి సంతకం పెడుతూ, "నా పెండ్లాన్ని నాకు ఇప్పించినారు, థ్యాంక్సప్పా," అన్నాడు.

సుబేదారు ఆ కాగితం చదివి మీసం కింద నవ్వుకున్నాడు. ఫార్మాటులో లేకపోయినా ఇంతకన్నా గట్టి రుజువు తన సర్వీసులో చూడలేదన్నాడు. దాన్ని పైకి పంపాడు. నన్ను ఒక ఆడపిల్ల వద్దన్న సంగతి ఇంతకాలం మా రెండు కుటుంబాలకే తెలుసు. ఇప్పుడది ముద్రలు వేయించుకుని, ఎక్కడో ఉత్తరాదిన మా రికార్డుల ఆఫీసులో, నా సర్వీసు ఫైల్లో భద్రంగా ఉంది. వీరచక్రం లేని ఫైలుకు అదైనా ఉండాలి గదా.

ఎండలు ముదిరాక కొత్త ఆర్డరు వచ్చింది. మా ఆవిడ నన్ను నమ్మలేదు. ఆన్‌లైన్ సెంటరు అమ్మాయి దగ్గరికే తీసుకెళ్లి చదివించింది. భార్య అన్న చోట తన పేరు వినగానే, ఏదీ ఇంకోసారి అని, మళ్లీ వింది. మూడోసారి అడగటానికి మొహమాటపడి ఫోను తీసింది. పిల్లలకు కాదు, హిందూపురానికి చేసింది.

"చెల్లీ, వచ్చింది. మీ బావను నా పేరుకు రాసిచ్చినారు."

అవతలి గొంతు బస్టాండు దాకా వినపడేంత ఖంగుమంది. "రాసిచ్చినారు గదా అక్కా, ఇంగ రిపేరికొచ్చినా నీదే. వాపసు తీసుకోము!"

ఇద్దరూ నవ్వుకుంటున్నారు. నేను అక్కడే, ఆ రెండు నవ్వుల మధ్యా, చేతిలో ఆర్డరు పట్టుకుని నిలబడి ఉన్నాను. నన్నెవరూ ఏమీ అడగలేదు.