దీపాల గది చాచా

మా దీపాల గది చాచా పోయాడని మొన్న పొద్దున హాజరు పుస్తకం తెరుస్తుండగా తెలిసింది. చెప్పినవాడు చెప్పి, తన దీపం తీసుకుని గనిలోకి దిగిపోయాడు. నేనూ పేర్లు రాస్తూనే ఉన్నాను. ఇట్లాంటి కబుర్లు విని విని అలసిన చెవులు నావి. దుఃఖం రావడానికి మధ్యాహ్నమైంది.

మందమర్రిలో గని దిగేవాడు తన ఇత్తడి బిళ్ల ఇచ్చి దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం అప్పగించి బిళ్ల తీసుకుంటాడు. రానివాడి బిళ్ల గోడ మేకుకే ఉండిపోతుంది. ఆ మేకుల పక్కన చాచా కూర్చునేవాడు, ఎదుటి కిటికీలో గుమాస్తాగా నేను. నా చదువంతా భైంసా సంతలో కొన్న పాత పుస్తకాలది. సగం పేజీలు చెదలు తిన్నాయి, నా తెలివీ అంతే.

ఒకసారి గని పైకప్పు కూలి ఒక కార్మికుడు చనిపోయాడు. ఆనాడు దిగవలసింది అతని తమ్ముడు. జ్వరమొస్తే అన్న వెళ్లాడు. మూడోనాడు తమ్ముడొచ్చి, మేకుకే ఉండిపోయిన అన్న బిళ్ల ముందు నిలబడ్డాడు.

"చాచా, డ్యూటి నాది. అన్న నా బదులు దిగిండు. ఇగ నేనెందుకు బతకాలె?"

నేను ఆగలేక, "రాసిపెట్టి ఉన్నది తమ్మీ" అన్నాను.

"గట్లనా సారూ? జర మా వదినకు గూడ గదే జెప్పుండ్రి."

హాజరు పుస్తకంలోకి తల దించాను. చాచా దీపం అద్దం తుడుస్తూ విన్నాడు. తుడవడం ఆపకుండానే, "నాకు గూడ ఎర్కలే బేటా. రేపు మల్ల రా" అన్నాడు. అతను రోజూ వచ్చాడు. నెల దాటాక ఒక పొద్దున దీపం కోసం చెయ్యి చాచాడు.

కిటుకంతా అద్దంలో ఉందనుకున్నాను. ఒక ముసలామె కొడుకు పోయిన బాధ చెప్పుకోవడానికి నా కిటికీ దగ్గరికొస్తే, నేనూ ఒక అద్దం తుడవసాగాను.

"పనిల ఉన్నట్టున్నరు సారూ, మల్లొస్త" అని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

చాచాకు చెబితే నవ్వి, అలసటగా అన్నాడు: "తుడుసుడు వాళ్ల కోసం గాదు సార్. వాళ్ల మాటింటుంటే నా చేతులు వణుకుతయి. వాళ్లు సూడొద్దని."

పొద్దున చాచా ఇంకా రాలేదనుకుని దిగిన ఆ తమ్ముడు, మొన్న సాయంత్రం గనిలోంచి పైకొచ్చాడు. ఖాళీ పీట చూసి, "చాచా ఏడి సారూ?" అన్నాడు.

నా చేతులు వణుకుతున్నాయి. దాచుకోవడానికి అద్దమైనా లేదు. అతను వాటిని చూశాడు. బొగ్గు పట్టిన తన దీపాన్ని వాటిలో పెట్టి, నా పక్కన కూర్చున్నాడు.

ఎదుట మేకుకు అతని బిళ్ల, ఇంకా పైకి రానివాడిదిలా, వేలాడుతూనే ఉంది.