మా మామ తొక్కిన బ్రేకు

మా మామ పోయినాడు. పెనుకొండలో, తెల్లారి కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, అట్లే గోడకు ఆనుకొని పోయినాడంట. హిందూపురంలో నాకు ఫోనొచ్చేసరికి పళ్లు కూడా తోముకోలేదు. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది మాత్రం ఒక సిగ్గుమాలిన ఆలోచన: ఇంక నా పక్కన ఎవరు కూర్చుంటారు?

ఇది అర్థం కావాలంటే నా విద్యార్హతలు మనవి చేసుకోవాలి. నేను బీకాం, ఫస్టు క్లాసు. డ్రైవింగులో మాత్రం ఎల్లెల్లార్, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు. అది ఆరు నెలలు చెల్లుతుంది. నెల దాటినాక బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు కారు నడిపి చూపిస్తే అసలుది ఇస్తారు. అంతవరకూ కారుకు ముందూ వెనకా ఎర్ర ‘ఎల్’ ఉండాలి, పక్క సీట్లో లైసెన్సున్న మనిషి ఉండాలి. నేను పరీక్షకు పోయిన మొదటిసారే రివర్సులో గుంజను పడగొట్టి, గుంజతో ఆగక టీబల్లను కూడా పడగొట్టినాను. చూసినోళ్ల నవ్వులకు భయపడి మళ్లీ ఆ మైదానం తొక్కలేదు. గడువు తీరినప్పుడల్లా కొత్త ఎల్లెల్లార్ తీసుకుంటూ వచ్చినాను.

పక్కన కూర్చునే మనిషి మామ, మా అమ్మకు అన్న. పెనుకొండలో కిరాణా అంగడి. మోకాలి నొప్పికి తన తెల్లకారు తాను తోలడం మానుకొని, తాళం నాకిచ్చినాడు. గోరంట్లలో పెళ్లికైనా, హిందూపురంలో సరుకులకైనా నేను తోలాలి, ఆయన పక్కనుండాలి. తీరా చూస్తే దారి పొడుగునా ఆ నొప్పికాలితోనే తన ముందున్న ఉత్త మ్యాటును తొక్కుతా ఉంటాడు, ఆడేదో బ్రేకున్నట్టు.

“నా మీద నమ్మకం లేదా మామా?”

“నాకుందిరా అల్లుడా. ఈ కాలికే లేదు.”

ఒకసారి బస్టాండు దగ్గర నా క్లాసుమేట్లు కనపడితే ‘ఎల్’ పీకేద్దామన్నాను. “సిగ్గుపడేదానికి అతికించింది గాదురా అది. ఎనకొచ్చేవాడికి మనమిచ్చే మర్యాద,” అన్నాడు. మర్యాద సరే, నేను మాత్రం స్టీరింగు కిందికి జారి కూర్చున్నాను. పరీక్ష సంగతి అడిగితే “వచ్చే నెల” అనేవాణ్ణి. “నేనేమన్నా కారుతో వచ్చిన స్పేరు టైరనుకున్నావా?” అని విసుక్కునేవాడు. విసుక్కుంటూనే తలుపు తీసుకొని ఎక్కేవాడు.

ఆ పొద్దు బస్సులో పెనుకొండ చేరేసరికి ఇంటి ముందు జనం. మామ ఒక్కగానొక్క కూతురు, మా వదిన, నంద్యాల నుంచి ధర్మవరంలో రైలు దిగుతుంది. ఆమె తండ్రి ముఖం చూసేదాకా ఎత్తరు. పొద్దు మునగకముందే ఎత్తాల. పెళ్లిళ్ల కాలం, అద్దెకార్లు ఒక్కటీ లేవు.

“నీకేమప్పా, తోల్తావు గదా. కారు ఎత్తుకొని పో,” అన్నాడు మా చిన్నాయన.

నా పక్కన లైసెన్సున్నోళ్లు ఎవరైనా కూర్చోవాలని, శవం ముందర నిలబడి, అందరికీ వినపడేట్టు చెప్పాల్సి వచ్చింది. ట్రాక్టర్లు తోలేవాళ్లు, జీపులు తోలేవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అంతమందిలో లైసెన్సున్న ఒక్క మనిషీ చాప మీద పండుకొని ఉన్నాడు.

“లైసెన్సు ఎవురికి కావాలబ్బా? తాళమియ్యి, నేను తోల్తా,” అన్నాడు చిన్నాయన.

మామ తల దగ్గర కూర్చున్న అత్త తలెత్తింది. “లైసెన్సు లేనోళ్ల చేతికి ఆయన కారు ఇయ్యలేదు. ఈ పొద్దు ఇయ్యొద్దు,” అనింది. అంతే. ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నేను బస్సులో పోయినాను. స్టేషన్లో వదిన నా వెనక చూసింది. “కారు యాడ?”

చెప్పినాను.

“ఇంకా ఎల్‌బోర్డేనా నువ్వు?” అని ఆమె నవ్వబోయి, నవ్వు మధ్యలోనే బ్యాగు మీద ముఖం పెట్టుకొని ఏడ్చింది. తిరుగు బస్సులో సీటు లేదు. తండ్రిని చూడబోయే మనిషి కమ్మీ పట్టుకొని నిలబడింది. బస్సు ఆగిన ప్రతిచోటా నేను కిటికీలోంచి పొద్దు ఎంతుందో చూస్తా ఉన్నాను. మేము దిగేసరికి మామను ఇంటి ముందుకు తెచ్చి, పాడె సిద్ధం చేసి, అందరూ దారి వైపే చూస్తా ఉన్నారు. పొద్దు కొండ మీద కూర్చోనుంది. వదిన ముఖం చూసుకునింది. వెంటనే ఎత్తినారు. ఆమె తనివితీరా ఏడ్చుకునేదానికి ఉండాల్సిన మధ్యాహ్నం మొత్తం నా రివర్సు గేరు మింగేసింది.

కర్మలు అయినాక మామ కారులోనే పరీక్షకు పోయినాను. మైదానం దాకా అద్దె కారు డ్రైవరొకడు పక్కన కూర్చున్నాడు. వాడు మ్యాటు వైపు చూడనైనా చూడలేదు. ఈసారి గుంజలన్నీ నిలబడినాయి, టీబల్ల కూడా. బ్రేకు ఇన్‌స్పెక్టరు పక్క సీట్లో కూర్చొని కాగితం మీద సంతకం పెడతా, కిందికి చూసినాడు. మ్యాటుకు కుడికాలి కింద అరచేయంత బొక్క, లోపల రేకు మెరుస్తాండాది.

“ఈడ ఇట్ల అరిగిందేమప్పా?”

“మా మామ బ్రేకు, సార్.”

ఆయన తన బూటు పక్కకు జరుపుకున్నాడు.