మాస్టారిని భోజనానికి పిలిచారు

మా జిరాక్స్ షాపు పైగదిలో ఇంగ్లిషు మాస్టారు పందొమ్మిదేళ్లుగా జనానికి ఇంగ్లిషులో భోజనానికి పిలవడం నేర్పుతున్నారు. "ఉత్త ‘కమ్’ అంటే హుకుం. ‘వుడ్ యూ లైక్ టు కమ్’ అంటే మర్యాద" అని ఆయన అరిచే అరుపులకు కింద నాకూ పాఠం కంఠతా వచ్చేసింది. విద్యార్థులు ఇద్దరిద్దరు నిలబడి ఒకరినొకరు పిలుచుకోవాలి. జోడీ దొరకనివాళ్లకు మాస్టారే జోడీ. ఆ లెక్కన ఆయన్ని పిలవనివాళ్లు ఊళ్లో లేరు, ఆయన గడప తొక్కిన ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు. పెళ్లి కాలేదు, ఉన్న ఒక్క అక్కా పోయింది. మధ్యాహ్నం తలుపు దగ్గరకు వేసుకుని ఒక్కరే డబ్బా విప్పుకుంటారు. నేనూ ఏనాడూ రమ్మనలేదు, ఆ సిగ్గు నాకుంది.

సోమవారం పొద్దున, బట్టల షాపులో బిల్లులు కొట్టే అమ్మాయి ముఖం మాడ్చుకుని వచ్చింది.

"మొన్న క్లాసయ్యాక సార్‌ని ఆదివారం రాత్రి మా ఇంటికి పిలిచానండీ, ఆయన నేర్పిన ఇంగ్లిషులోనే. సంతోషంగా వస్తానన్నారు, ఎన్నింటికని కూడా అడిగారు. అమ్మ పదింటిదాకా తినకుండా కూర్చుంది. ఇక నేను క్లాసుకి రాను."

నాకు ఒళ్లు మండింది. మెట్లెక్కి వెళ్లి, "బుద్ధుందా మాస్టారూ? ఆ అమ్మాయి ఇంటికి వస్తానని ఎగ్గొడతారా?" అని ఎడాపెడా దులిపేశాను.

ఆయన బోర్డు తుడుస్తున్న గుడ్డ బల్ల మీద పెట్టారు.

"నిజంగా పిలిచిందా?" అన్నారు. "నన్నేనా?"

"మిమ్మల్నే" అని, మెట్లు దిగి వచ్చేశాను.

సాయంత్రం ఆయన చొక్కా మార్చుకుని వాళ్లింటికి బయల్దేరారు. సందు మొగదాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి వచ్చేస్తే, షట్టర్ దించేసి నేనే వెంట వెళ్లాను. అమ్మాయి ఇంకా పని నుంచి రాలేదు. వాళ్లమ్మ తలుపు తీసి, "ఎవరు కావాలండీ?" అంది.

వేలమందికి మాట్లాడటం నేర్పిన మనిషి నీళ్లు నమిలారు. చివరికి తల దించుకుని, "నిన్న నన్ను భోజనానికి పిలిచారమ్మా. పాఠం అనుకుని రాలేదు" అన్నారు.

ఆవిడ ఎగాదిగా చూసింది.

"నిన్న వండినదంతా అయిపోయింది. కూర్చోండి, మళ్లీ పొయ్యి వెలిగిస్తాను."

"మీకెందుకమ్మా శ్రమ..."

"శ్రమే మరి" అంది ఆవిడ, కుర్చీ ముందుకు జరుపుతూ. "పిలిచాక తప్పుతుందా?"